జబ్బు చేసి జీతం తగ్గితే ఏ అప్పు ముందు కట్టాలి?

అన్నయ్యకి పక్షవాతం వచ్చిన మూడో వారంలో వదిన ఒక పాత బిస్కెట్ల డబ్బా తెచ్చి నా ముందు బోర్లించింది. హైదరాబాద్ మూసాపేటలో వాళ్లుండే రెండు గదుల పోర్షను. కరెంటు బిల్లులు, చిట్టీ పాస్‌బుక్కు, బంగారం తాకట్టు రసీదు, క్రెడిట్ కార్డు స్టేట్‌మెంట్లు, మందుల చీటీలు అన్నీ కలిసిపోయి చాప మీద పడ్డాయి. అన్నయ్య బాలానగర్‌లో ఒక వర్క్‌షాపులో లేత్ ఆపరేటరు. కుడి చెయ్యి పడిపోయింది. "ఈ నెల ఎవరికి కట్టాలో చెప్పు" అంది వదిన. అప్పటికే ఆవిడ ఒకరికి కట్టేసింది. రోజుకి ఏడెనిమిది సార్లు ఫోన్ చేస్తున్న లోన్ యాప్ వాళ్లకి. ఇంటి అద్దె మాత్రం బాకీ ఉండిపోయింది.

దాదాపు అందరం చేసే పొరపాటే అది. ఎవరు ఎక్కువ గొడవ చేస్తే వాళ్లకి ముందు కట్టేస్తాం. కానీ బంగారం తాకట్టు పెట్టుకున్నవాళ్లు రోజూ ఫోన్ చేసి తిట్టరు. మీ గాజులు వాళ్ల లాకర్లో ఉన్నాయి కాబట్టి వాళ్లకి తొందర లేదు. ఇంటి లోన్ ఇచ్చిన బ్యాంకు మర్యాదగానే నోటీసు పంపుతుంది, ఇంటి కాగితాలు దాని దగ్గరే ఉన్నాయి. చేతిలో ఏ తాకట్టూ లేనివాళ్లే అరుస్తారు, వాళ్లకి ఉన్న దారి అదొక్కటే. అందుకే కేకలని బట్టి వరస పెట్టుకుంటే చాలాసార్లు అది తలకిందుల వరస అవుతుంది. అప్పు ఎంత పెద్దదన్నది వరసకి కొలత కాదు. వడ్డీ ఎంతన్నది కొంతవరకు పనికొస్తుంది, అయినా అదీ మొదటి కొలత కాదు. ఒక్కో కాగితం చేతిలోకి తీసుకుని రెండు ప్రశ్నలు వేసుకోవాలి. ఇది కట్టకపోతే ఏం పోతుంది? ఎప్పటికి పోతుంది?

ఉద్యోగం పోయినప్పుడు కూడా ఈ ప్రశ్నలు పనికొస్తాయి. కాకపోతే జబ్బు చేసినప్పుడు పరిస్థితి ఇంకా కష్టం. రాబడి తగ్గిన నెలలోనే ఖర్చు పెరుగుతుంది. ఎప్పటికి కోలుకుంటారో డాక్టరు కూడా తేదీ చెప్పలేరు. "ఈ రెండు నెలలు ఎలాగోలా అన్నీ కట్టేద్దాం, తర్వాత చూసుకుందాం" అని దాచుకున్నదంతా ఈఎంఐలకి పోస్తే, మూడో నెల ఫిజియోథెరపీకి డబ్బుండదు. మనిషి లేవడం ఆలస్యమైతే అప్పులన్నీ ఆలస్యమవుతాయి. కాబట్టి వైద్యం ఖర్చు అప్పుల పట్టికలో ఒక వరస కాదు, ఆ పట్టిక మొదలవడానికి ముందే తీసి పక్కన పెట్టాల్సిన డబ్బు.

వరస కన్నా ముందు, రావాల్సింది

డబ్బాలో అన్నిటికన్నా అడుగున అన్నయ్య ఈఎస్‌ఐ (కార్మికుల ప్రభుత్వ బీమా) కార్డు దొరికింది. ఆయన జీతం 20,500. ఈఎస్‌ఐ వర్తించే జీతం పరిమితి నెలకి 21,000. నెలనెలా జీతంలోంచి 0.75 శాతం కోత పడుతూనే ఉంది. అయినా ఇంట్లో అందరికీ ఈఎస్‌ఐ అంటే సనత్‌నగర్ ఆసుపత్రి, మందులు, అంతే. పనికి వెళ్లలేని రోజులకి సగటు జీతంలో 70 శాతం చొప్పున ఏడాదికి 91 రోజుల వరకు డబ్బు వస్తుందన్న సంగతి ఎవరికీ తెలియదు. ఈఎస్‌ఐ డాక్టరు ఇచ్చే సర్టిఫికెట్టు ఉండాలి. లెక్కలోకి వచ్చే ఆరు నెలల్లో కనీసం 78 రోజులకి చందా కట్టి ఉండాలి. పక్షవాతం, క్యాన్సర్, టీబీ లాంటి దీర్ఘకాలపు జబ్బులైతే, రెండేళ్ల సర్వీసు ఉన్నవాళ్లకి ఆ తర్వాత కూడా 80 శాతం చొప్పున రెండేళ్ల దాకా ఇస్తారు. అడిగితేనే వస్తుంది. ఇంటికి వచ్చి ఎవరూ చెప్పరు.

పీఎఫ్ ఉంటే అనారోగ్యం కారణంగా అడ్వాన్సు తీసుకోవచ్చు. తెల్లకార్డు ఉన్న ఇంటికి ఆరోగ్యశ్రీ ఉంది. 2007లో ఉమ్మడి రాష్ట్రంలో మొదలైన ఆ పథకం పరిమితిని తెలంగాణలో 2023 డిసెంబరులో 5 లక్షల నుంచి 10 లక్షలకి పెంచారు. దాని పరిధిలోకి రాని వైద్యానికి ముఖ్యమంత్రి సహాయ నిధి ఉంది. బిల్లులు పెట్టుకుని తర్వాత అడగవచ్చు, నిమ్స్ లాంటి పెద్దాసుపత్రిలో చేర్చేముందు ఎల్‌ఓసీ (ఖర్చుకి ముందే ఇచ్చే హామీ పత్రం) అడగవచ్చు. రెండింటికీ దారి మామూలుగా మీ ఎమ్మెల్యే ఆఫీసే.

ఇంకొకటి చాలామంది మర్చిపోతారు. లోన్ ఇచ్చేటప్పుడు దాంతో పాటు ఒక ఇన్సూరెన్సు అంటగట్టి, ప్రీమియం లోన్ డబ్బులోనే కోసుకుని ఉంటారు. ఆ పాలసీ కాగితం వెతకండి. కొన్నిట్లో పెద్ద జబ్బులకి కూడా కవరేజీ ఉంటుంది. ఉంటే బ్యాంకుతో మాట్లాడే ముందే క్లెయిం వేయాలి. ఎల్‌ఐసీ పాలసీ పాతదైతే దాని మీద అప్పు దొరుకుతుంది. ఆ అప్పుకి నెలనెలా కిస్తీ ఉండదు, కాబట్టి ఇలాంటి రోజుల్లో పర్సనల్ లోన్ కన్నా అది చాలా నయం.

హెల్త్ పాలసీ ఉన్నవాళ్లు దాని ప్రీమియం మాత్రం ఆపకండి. డబ్బు చాలనప్పుడు "ఇదేం అప్పు కాదు కదా" అని మొదట ఆపేది దాన్నే. జబ్బు బయటపడ్డాక పాలసీ ఒకసారి తెగిపోతే, మళ్లీ కొత్తగా ఇచ్చేవాళ్లు దొరకడం కష్టం, దొరికినా ఆ జబ్బుకే ఏళ్ల తరబడి వెయిటింగ్ పీరియడ్ పెడతారు. ఏ క్రెడిట్ కార్డు బాకీ కన్నా కూడా ఈ ప్రీమియం ముందు.

లెక్క ఎలా కుదిరింది

అన్నయ్యకి ఈఎస్‌ఐ నుంచి నెలకి సుమారు 14,300 వస్తుందని తేలింది. వదిన టైలరింగ్ మీద 6,000 దాకా వచ్చేది, ఆసుపత్రి చుట్టూ తిరగడంతో 3,000కి పడిపోయింది. మొత్తం 17,300. అద్దె 7,500, తిండికి 5,000, మందులకీ ఆటోలకీ 1,500. అంటే 14,000 పక్కన పెట్టాలి. కరెంటు 200 యూనిట్ల లోపు, నీళ్లు నెలకి 20,000 లీటర్ల లోపు ఉచితం కాబట్టి అక్కడ కొంత ఊపిరాడింది. ఈ పథకాలకి దరఖాస్తు పెట్టని ఇళ్లు ఇంకా ఉన్నాయి. ఉంటే ముందు ఆ పని చేయండి.

మిగిలింది 3,300. అడిగేవాళ్లు ఐదుగురు. చిట్టీ 4,000, బైకు కిస్తీ 2,900, రెండు రూపాయల వడ్డీకి తెచ్చిన లక్ష మీద నెలకి 2,000, కార్డు మీద కనీసం 3,100, బంగారం మీద నెలకి వెయ్యి చొప్పున పెరిగే వడ్డీ. తలా కొంత పంచుదామంది వదిన. మనసుకి న్యాయంగా అనిపిస్తుంది గానీ, అలా పంచితే ఏ ఒక్కటీ పూర్తిగా కట్టినట్టు కాదు. అన్నిచోట్లా ఫైన్లు పడతాయి, అందరూ ఎగవేతదారుగానే రాసుకుంటారు.

నేను మొదట పెట్టమన్నది చిట్టీ. విన్నవాళ్లు ఆశ్చర్యపోయారు. చిట్టీ వాళ్లు ఇంకా ఫోన్ కూడా చేయలేదు. కానీ అది అన్నయ్య ఎనిమిదో నెలలోనే పాడుకున్న చిట్టీ. పాడుకునేటప్పుడు వర్క్‌షాపులో ఆయన పక్క మిషన్ మీద పనిచేసే స్నేహితుడు ష్యూరిటీ సంతకం పెట్టాడు. చట్టం ప్రకారం ష్యూరిటీ బాధ్యత అప్పు తీసుకున్నవాడి బాధ్యతతో సమానం. ముందు అప్పు తీసుకున్నవాణ్ని అడిగి, అతను కట్టకపోతేనే ష్యూరిటీని అడగాలన్న నియమం లేదు. 1982 చిట్ ఫండ్స్ చట్టం కింద, పాడుకున్నవాడు వాయిదా ఎగ్గొడితే నోటీసు ఇచ్చి మిగిలిన వాయిదాలన్నీ ఒక్కసారే అడగవచ్చు. తగువు రిజిస్ట్రార్ ఆఫ్ చిట్స్ దగ్గరికి వెళ్తుంది. అక్కడి నుంచి ష్యూరిటీ జీతం జప్తు దాకా పోవచ్చు. అతని జీతమూ ఇరవై వేలే, అతనికీ ఇద్దరు పిల్లలు. మీరు కట్టకపోతే ఇంకో ఇంటి పొయ్యి మీద పడే అప్పు ఏదైనా ఉంటే అది మీ సొంత పరువు, సిబిల్ స్కోరు అన్నిటికన్నా పైన ఉండాలి. ఇది చట్టం చెప్పిన వరస కాదు, నా లెక్క. దీని మీద నాకు రెండో ఆలోచన లేదు.

అదే ఇంకా పాడుకోని చిట్టీ అయితే కథ వేరు. అది మీరు దాచుకుంటున్న డబ్బు, అప్పు కాదు. కొనసాగించలేమని రాసిచ్చి తప్పుకోవచ్చు. కంపెనీ తన కోత తీసుకుని, మీ స్థానంలో కొత్త సభ్యుడు వచ్చాకో చిట్టీ ముగిశాకో మిగతాది ఇస్తుంది. కాలనీలో ఆడవాళ్లు వేసుకునే ఇంటి చీటీలకి ఈ చట్టం రక్షణ ఉండదు. అక్కడ మాట్లాడుకోవడమే.

చిట్టీకి 700 తగ్గింది. అది బైకు నుంచి వచ్చింది. ఏడాది దాకా నడపలేని బండికి నెలకి 2,900 కట్టడం దేనికని అడిగాను. అన్నయ్య చాలాసేపు మాట్లాడలేదు. ఆయన మొదటి కొత్త బండి అది. లోన్ బాకీ 38,000 ఉంది, బండికి 45,000 ఇస్తామన్నారు. బాకీ కట్టేసి, ఫైనాన్స్ వాళ్ల నుంచి అప్పు తీరిందని ఎన్‌ఓసీ, బండి కాగితాల మీద లోన్ తీసేయించే ఫారం 35 తీసుకుని అమ్మేశారు. 7,000 మిగిలింది. ఇదే ఆటో నడుపుకుని బతికే మనిషై, రెండు నెలల్లో మళ్లీ సీట్లో కూర్చోగలిగేవాడైతే, నేను సరిగ్గా దీనికి ఎదురు చెప్పేవాణ్ని. ఆటో కిస్తీ అద్దెతో సమానం, ఏది ఆపినా అది ఆపకూడదు. అప్పు పేరు ఒకటే అయినా స్థానం ఇంటింటికీ మారుతుంది.

ఇల్లు, బంగారం, నోటు, కార్డు

సొంతిల్లు లోన్ మీద ఉంటే అది చిట్టీ పక్కనే కూర్చుంటుంది. వాయిదా తప్పి 90 రోజులు దాటితే ఖాతా ఎన్‌పీఏ, అంటే మొండి బాకీ అవుతుంది. ఆ తర్వాత 2002 సర్ఫేసీ చట్టం కింద బ్యాంకు 60 రోజుల నోటీసు ఇచ్చి, కోర్టుకి వెళ్లకుండానే ఇంటిని స్వాధీనం చేసుకునే పని మొదలుపెట్టవచ్చు. దాని మీద డీఆర్‌టీకి (అప్పుల వసూలు ట్రిబ్యునల్‌కి) వెళ్లడానికి 45 రోజులే గడువు. అంటే మాట్లాడాల్సింది మొదటి 90 రోజుల్లో. చాలామంది నోటీసు వచ్చాక పరిగెడతారు. అప్పటికి బ్రాంచి మేనేజరు చేతిలో పెద్దగా ఏమీ ఉండదు.

బంగారం విషయంలో గడువు తేదీ ముఖ్యం. ఏడాది లోన్ అయితే ఏడాది చివర వడ్డీ కట్టి తిరగరాయించుకోవచ్చు, కాబట్టి మొదటి నెలల్లో దాన్ని ఆపినా వెంటనే కొంప మునగదు. గడువు దగ్గర పడ్డాక కూడా దారి లేకపోతే, వేలం దాకా పోనివ్వకుండా ఒక జత గాజులు మీరే అమ్మి మిగతా నగలు విడిపించుకోవడం మంచిది. వేలంలో బాకీ పోగా మిగిలిన డబ్బు మీకే ఇవ్వాలి. అయినా అక్కడ పలికే ధర, కోసుకునే ఖర్చులు మీ చేతిలో ఉండవు. వదిన మెడలో పుస్తెల తాడు కూడా ఆ తాకట్టులో ఉంది. ఆ మాట చెప్పేటప్పుడు ఆవిడ గొంతు మారింది. అందుకే గాజులు అమ్మి ముందు తాడు విడిపించాం. లెక్కల్లో అది తప్పే కావచ్చు. ఆ ఇంటికి అది అవసరం.

రెండు రూపాయల వడ్డీ అంటే నూటికి నెలకి రెండు, ఏడాదికి 24 శాతం. ఇచ్చింది వీధి చివర కిరాణా కొట్టాయన. ప్రామిసరీ నోటు రాసి ఇచ్చారు. నోటు మీద దావా వేయడానికి మామూలుగా మూడేళ్ల గడువు ఉంటుంది, కాబట్టి ఆయనకి రేపే కోర్టుకి పోవాల్సిన తొందర లేదు. వదిన వెళ్లి, "అన్నా, ఆరు నెలలు అసలు అడగొద్దు, వడ్డీలో సగం ఇస్తా" అంది. "ముందు మనిషిని లేవనియ్యమ్మా" అన్నాడాయన. అందరూ ఇలా అనరు. కానీ మొహం చాటేసిన తర్వాత అడిగిన గడువుకీ, ముందే వెళ్లి అడిగిన గడువుకీ జవాబు ఒకలా ఉండదు. ఇచ్చిన ప్రతి రూపాయికీ నోటు వెనక చెల్లు రాయించుకోండి. మొహమాటపడితే ఆ తర్వాత లెక్క తేలదు. అప్పిచ్చినాయన దగ్గర మీ సంతకంతో ఖాళీ చెక్కు ఉంటే మాత్రం ఆ అప్పు వరసలో పైకి వస్తుంది. చెక్కు బౌన్సు 138 సెక్షన్ కింద నేరం. బౌన్సయిన కబురు అందిన 30 రోజుల్లో ఆయన నోటీసు ఇవ్వాలి, మీకు అందిన 15 రోజుల్లో మీరు కట్టేస్తే కేసు ఉండదు. బ్యాంకు ఖాతాలోంచి ఆటోమేటిక్‌గా కోసే ఈఎంఐ డబ్బుల్లేక తిరిగిపోయినా ఇలాంటి కేసుకే అవకాశం ఉంది. అందుకే కట్టలేమని ముందుగా రాసివ్వడం అవసరం.

క్రెడిట్ కార్డు చివర్న పెట్టాం. వదినకి ఇదే ఎక్కువ టెన్షన్. బాకీ 62,000. నెలకి మూడున్నర శాతం వడ్డీ అంటే 2,170, దాని మీద 18 శాతం జీఎస్‌టీ కలిపితే 2,560. కనీస మొత్తం 3,100 కడితే అసలులోంచి తగ్గేది 540 రూపాయలే. తిండి తగ్గించుకుని అది కట్టడంలో అర్థం లేదు. కార్డు వాడటం పూర్తిగా ఆపి, కాగితం రాసి ఇచ్చాం. పర్సనల్ లోన్‌దీ ఇదే స్థానం. వీటి వల్ల స్కోరు పడిపోతుంది, నిజమే. మనిషి కోలుకుని మళ్లీ కట్టడం మొదలుపెడితే అది మెల్లగా లేస్తుంది. వీటిని కట్టడానికి మూడు రూపాయల వడ్డీకి కొత్త అప్పు తేవడం మాత్రం ఎప్పుడూ చేయకండి. తాకట్టు లేని అప్పు తీర్చడానికి మెడలోది తాకట్టు పెట్టడం కూడా అలాంటిదే.

బ్యాంకుకి రాసే కాగితం

ఫోన్లో చెప్పింది లెక్కలోకి రాదు. మేం రాసింది ఒక్క పేజీ. ఫలానా తేదీన పక్షవాతం వచ్చింది, డిశ్చార్జి సమ్మరీ జతపరిచాం. జీతం ఇంత నుంచి ఇంతకి తగ్గింది. ఇంటి ఖర్చు, వైద్యం పోగా మిగిలేది ఇంత. ఆరు నెలల వరకు కట్టలేం, ఆ తర్వాత నెలకి ఇంత కట్టగలం. బాకీని కిస్తీలుగా మార్చమని, ఛార్జీలు ఆపమని కోరుతున్నాం. రెండు కాపీలు తీసుకెళ్లి ఒకదాని మీద ముద్ర వేయించుకున్నాం. బ్యాంకు ఒప్పుకోవాలన్న నిబంధన లేదు. కానీ ఆ ముద్ర ఉన్న కాగితం తర్వాత అడుగడుగునా పనికొచ్చింది. కట్టలేని మొత్తం రాసివ్వకండి. మొదటి నెలే తప్పితే తర్వాత మీ మాట ఎవరూ నమ్మరు.

అప్పున్న బ్యాంకులోనే ఈఎస్‌ఐ డబ్బు పడే ఖాతా ఉంటే, బాకీ కింద దాన్ని జమ చేసుకునే ప్రమాదం ఉంటుంది. ఏ అప్పూ లేని ఇంకో బ్యాంకులో ఖాతా తెరిచి అందులో పడేలా చూసుకోండి. ఇది ఎవరినీ మోసం చేయడం కాదు.

ఫోన్లు, బెదిరింపులు

ఉదయం 8కి ముందు, రాత్రి 7 తర్వాత వసూలు ఫోన్లు చేయకూడదని రిజర్వు బ్యాంకు 2022 ఆగస్టులో స్పష్టంగా చెప్పింది. తిట్టడం, బెదిరించడం, బంధువులకీ స్నేహితులకీ ఫోన్ చేసి పరువు తీయడం కూడా కుదరదు. మా ఇంటికి ఒక ఏజెంటు రాత్రి తొమ్మిదింటికి వచ్చి మెట్ల మీద నిలబడి, పైపోర్షన్ వాళ్లకి వినపడేలా మాట్లాడాడు. తేదీ, టైము, అతను చెప్పిన పేరు రాసుకుని మర్నాడు బ్యాంకుకి ఫిర్యాదు రాశాం. 30 రోజుల్లో జవాబు రాకపోతే, వచ్చింది నచ్చకపోతే, ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్ (బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే అధికారి) దగ్గరికి వెళ్లవచ్చు. పైసా ఖర్చు ఉండదు. 14448కి ఫోన్ చేస్తే ఎలాగో చెబుతారు. మాకు అంతదాకా రాలేదు, ఆ ఏజెంటు మళ్లీ రాలేదు.

యాప్‌ల సంగతి వేరు. 2020 డిసెంబరులో హైదరాబాద్, సైబరాబాద్ పోలీసులు ఇలాంటి యాప్‌ల కాల్ సెంటర్ల మీద కేసులు పెట్టినప్పుడు అవి మనుషుల్ని ఎంత దూరం తరుముతున్నాయో అందరికీ తెలిసింది. ఆ తర్వాత ఆర్‌బీఐ తెచ్చిన నియమాల ప్రకారం లోన్ యాప్ మీ కాంటాక్టులు, ఫొటోలు తీసుకోకూడదు. ఫొటోలు మార్ఫింగ్ చేస్తామని బెదిరిస్తే అది అప్పు గొడవ కాదు, నేరం. సైబర్ నేరాల నంబరు 1930కి ఫోన్ చేసి చెప్పండి. రాత్రుళ్లు నిద్ర పట్టక, బతకాలనే లేదనిపించే స్థితి వస్తే 14416 టెలి మానస్‌కి ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడతారు. డబ్బు లెక్క రేపు చూసుకోవచ్చు.

"పోలీసులు వస్తారు, జైలుకి పోతావ్" అన్నది ఎక్కువగా వాడే బెదిరింపు. అప్పు కట్టలేకపోవడం దానికదే నేరం కాదు. కోర్టు డిక్రీ (బాకీ కట్టాలన్న తీర్పు) ఇచ్చిన తర్వాత కూడా, కట్టే స్తోమత లేని మనిషిని జైల్లో పెట్టకూడదని సుప్రీంకోర్టు 1980లోనే చెప్పింది. డబ్బు డిక్రీ కింద ఆడవాళ్లని అరెస్టు చేయడానికి చట్టమే ఒప్పుకోదు. డిక్రీ కింద జీతం జప్తు చేసినా మొదటి వెయ్యి, ఆపైన మిగిలినదాంట్లో మూడింట రెండొంతులు ముట్టుకోకూడదు. పీఎఫ్ జోలికి అసలే రాకూడదు.

ఏ లెక్కా కుదరనప్పుడు ఐపీ పెట్టడం, అంటే దివాలా పిటిషన్ వేయడం అనే దారి ఉంది. హైదరాబాద్‌లో దానికి సిటీ సివిల్ కోర్టుకి వెళ్లాలి. అది తాకట్టు పెట్టిన ఆస్తిని కాపాడదు, ఊరికే పెట్టేది కూడా కాదు. ముందు పురానీ హవేలీలో ఉన్న న్యాయ సేవాధికార సంస్థకి వెళ్లండి. ఆడవాళ్లకి, ఎస్సీ ఎస్టీలకి, దివ్యాంగులకి, ఆదాయం తక్కువున్నవాళ్లకి లాయరుని ఉచితంగా ఇస్తారు. లోక్ అదాలత్‌లో పెట్టించి బ్యాంకుతో సెటిల్ చేయిస్తారు కూడా. ఫోన్ నంబరు 15100. వెళ్లేటప్పుడు డిశ్చార్జి సమ్మరీ, జీతం స్లిప్పులు, ముద్ర వేయించిన ఆ కాగితం పట్టుకెళ్లండి.

అన్నయ్య పదకొండో నెలలో మళ్లీ వర్క్‌షాపుకి వెళ్లాడు. లేత్ మీద కాదు, స్టోర్‌లో, ఎడమ చేత్తో రిజిస్టరు రాసే పని. జీతం తగ్గింది. చిట్టీకి ఇంకా మూడు వాయిదాలున్నాయి. కిరాణా ఆయనకి అసలు మొదలుపెట్టారు. కార్డు బాకీని బ్యాంకు చివరికి కిస్తీలుగా మార్చింది. నెలకి రెండు వేలు, పదో తారీకున కడుతున్నారు.